కొండ పరుగు ముగిసిన పిదప: విశ్రాంతి, విహారము, ఆహారము

తిరుమల కొండకు అలిపిరి దారిని నడచి వెళ్ళినవారికి ఒక అనుభవము తెలిసియే యుండును. ఆ దారిలో మెట్లు సుమారు 3,550. ఎక్కునప్పుడు ఆయాసము, చెమట, దాహము కలుగును. పైకి చేరి కొంతసేపు కూర్చున్నచో అవి అన్నియు తగ్గిపోవును. అదే దారిని నడచి దిగునప్పుడు ఆయాసమే ఉండదు, మాటలాడుకొనుచు దిగిపోవుదురు. కాని మరునాడు ఉదయము మంచము దిగబోవునప్పటికి తొడలు పట్టివేసి యుండును. మూడవనాటికి ఆ నొప్పి మరింత పెరుగును. కష్టపడి ఎక్కినప్పుడు రాని నొప్పి సులభముగా దిగినప్పుడు వచ్చుట వింత కాదా?

ఈ వింతను మిక్కిలి పెద్ద ప్రమాణములో చూడదలచినవారు ఫ్రాన్సు దేశమున ఆల్ప్స్ పర్వతముల నడుమ గల షామొనీ పట్టణమునకు పోవలెను. ఏటా ఆగస్టు మాసాంతమున అక్కడ ఒక పర్వత పరుగు పందెము జరుగును. అది ముగిసిన మరునాడు ఆ ఊరి వీధులలో, రెండు పగళ్ళు రెండు రాత్రులు పర్వతములపై పరుగెత్తిన దృఢకాయులు నాలుగు మెట్లు దిగుటకు గోడ పట్టుకొని, ప్రక్కకు తిరిగి, ఒక్కొక్క కాలే దించుచు కనబడుదురు. వారిలో పలువురు వెంటనే ఇంటికి పోక అక్కడనే కొన్ని దినములుండి, ఊరు చూచుచు, ఆ ప్రాంతపు వంటకములు తినుచు కోలుకొందురు. ఇది ఉబుసుపోకకు చేయు పని మాత్రమే కాదు. ఏ చోటు ఏనాడు చూడవలెను, ఏ వంటకము ఎప్పుడు తినవలెను అనుటలో చక్కని శరీరశాస్త్రము ఇమిడి యున్నది.

పందెము స్వరూపము

మౌంట్ బ్లాంక్ పశ్చిమ ఐరోపాలో అన్నింటికంటె ఎత్తయిన శిఖరము. దాని ఎత్తు సుమారు 4,807 మీటర్లు. పైనున్న మంచు టోపీ మందమునుబట్టి ఈ లెక్క కొంచెము మారుచుండును. షామొనీ దాని పాదమున 1,035 మీటర్ల ఎత్తులో ఉన్నది. 1786 ఆగస్టు 8వ తేదీన మిషెల్ పకార్ అను వైద్యుడు, జాక్ బాల్మా అను స్ఫటికముల వేటకాడు తొలిసారి ఆ శిఖరము నెక్కిరి. ఆ ఎక్కుటకు బహుమానము ప్రకటించినవాడు జెనీవా శాస్త్రజ్ఞుడు సోస్యూర్. మరుసటి సంవత్సరము ఆయనయు ఎక్కి, శిఖరముపై భారమితిని, ఉష్ణమాపకమును ఉపయోగించి కొలతలు తీసెను. కావున ఈ పర్వతమునకు విజ్ఞానముతో చుట్టరికము మొదటినుండియు కలదు.

2003లో ప్రారంభమైన ఈ పందెము శిఖరము నెక్కదు, పర్వతమును చుట్టివచ్చును. షామొనీలో బయలుదేరి, ఇటలీలోని కూర్మయ్యోర్, స్విట్జర్లండులోని షాంపే మీదుగా మూడు దేశములు దాటి తిరిగి షామొనీకే చేరవలెను. దూరము 170 కిలోమీటర్లకు పైగా, ఎక్కవలసిన ఎత్తు మొత్తము సుమారు 10,000 మీటర్లు. గడువు 46 గంటల 30 నిమిషములు. 2022లో కీలియన్ జోర్నె అను స్పానిష్ పరుగువీరుడు తొలిసారిగా 20 గంటల లోపల ముగించెను. సామాన్యులకు రెండు రాత్రులు దారిలోనే తెల్లవారును.

ఇచ్చట ఒక చిన్న తర్కము గమనింపదగినది. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చినవాడు ఎంత ఎత్తు ఎక్కెనో అంత ఎత్తు దిగియే తీరవలెను. 10,000 మీటర్లు ఎక్కుట అందరును చెప్పుకొందురు. 10,000 మీటర్లు దిగుట ఎవరును చెప్పరు. కాని కాళ్ళు మాత్రము దానిని మరువవు.

ఎక్కుట, దిగుట: ఒకే కార్యము, రెండు ఫలములు

60 కిలోగ్రాముల బరువుగల మనిషి 10,000 మీటర్లు ఎక్కినాడనుకొందము. గురుత్వాకర్షణకు వ్యతిరేకముగా అతడు చేసిన కార్యము 60 × 9.8 × 10,000, అనగా 58,80,000 జౌళ్ళు. కెలొరీలలో చెప్పినచో సుమారు 1,400 కిలోకెలొరీలు. కండరములు తాము ఖర్చుచేయు శక్తిలో సుమారు నాలుగవ వంతును మాత్రమే కార్యముగా మార్చగలవు, మిగిలినది వేడియగును. కావున ఎక్కుటకే సుమారు 5,600 కిలోకెలొరీలు కావలెను. ఇది ఒక సామాన్యుని రెండు దినముల ఆహారమునకు మించినది. సమతలముపై పరుగు, శరీరమును వెచ్చగా ఉంచుకొనుట మొదలగువాటి ఖర్చు దీనికి అదనము.

దిగునప్పుడు ఈ లెక్క తిరుగబడును. ఎత్తులో దాగియున్న ఆ 58,80,000 జౌళ్ళును విడుదలయగును. వాటిని ఎవరో ఒకరు మింగవలెను. మోటారుబండికి బ్రేకులు కలవు. మనిషికి తొడల ముందువైపు కండరములే బ్రేకులు. అడుగు నేలను తాకగానే మోకాలు వంగును. అప్పుడు తొడ కండరము ముడుచుకొనుటకు ప్రయత్నించుచునే, శరీరపు బరువుచేత సాగదీయబడును. బావినుండి చేదను పైకి లాగుట ఒక పని; నిండు చేదను జారిపోకుండ త్రాటిని పట్టుకొని మెల్లగా లోనికి దించుట మరియొక పని. ఎక్కుట మొదటిదానివంటిది, దిగుట రెండవదానివంటిది.

ఈ రెండవ పనికి శ్రమ ఎంత తక్కువయో 1952లో బ్రిటనులో అబట్, బిగ్లండ్, రిచీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు సరదాయైన ప్రయోగముతో చూపిరి. రెండు సైకిళ్ళను వెనుకకు వెనుక నిలిపి ఒకే గొలుసుతో కలిపిరి. ఒకరు పెడళ్ళను ముందుకు త్రొక్కుదురు. రెండవవారి పెడళ్ళు వెనుకకు తిరుగును, వారు ఆ తిరుగుడును ఎదిరించి ఆపజూతురు. ఇద్దరి కాళ్ళపైనను బలము ఒక్కటే. కాని ఎదిరించువారు వాడుకొనిన ప్రాణవాయువు త్రొక్కువారు వాడినదానిలో కొద్దిభాగము మాత్రమే. కొండ దిగునప్పుడు ఆయాసము రాకపోవుటకు కారణమిదియే.

అయితే ఈ చవుకదనమునకు మూల్యము వేరొక రూపమున చెల్లింపవలెను. సాగుచు పనిచేయు కండరములో తక్కువ తంతువులే పనికి దిగును. అందుచేత ఒక్కొక్క తంతువుపై పడు బలము ఎక్కువ. కండర తంతువులో సూక్ష్మమైన ముడుపుల గదులు గొలుసువలె వరుసగా నుండును. సాగదీతలో వాటిలో బలహీనమైనవి ముందుగా తెగునంత సాగిపోవును. అడుగు వెంట అడుగు పడుచుండగా, ఇట్టి చిన్న చీలికలు వేలకొలది ఏర్పడును. వాటిని కన్ను చూడలేదు, సూక్ష్మదర్శిని చూపగలదు.

నొప్పి ఆలస్యముగా వచ్చుట ఏల?

వ్యాయామమువలన రెండు విధములైన నొప్పులు కలుగునని అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడార్ హఫ్ 1902లోనే గుర్తించెను. పని చేయుచుండగా వచ్చి, ఆపగానే పోవునది ఒకటి. పని ముగిసిన మరునాడు వచ్చి, కొన్ని దినములుండునది మరియొకటి. రెండవదానికి కారణము కండరములోని చీలికలే యని ఆయన ఊహించెను.

కాని లోకములో వేరొక అభిప్రాయము ప్రబలెను. కండరములలో లాక్టికామ్లము పేరుకొనుటచేతనే మరునాటి నొప్పి కలుగునని నేటికిని పలువురు చెప్పుదురు. ఇది సరికాదు. తీవ్రమైన పరుగువలన రక్తములో పెరిగిన ఈ పదార్థము పరుగు ఆపిన తరువాత గంట, గంటన్నరలోనే మామూలు స్థితికి వచ్చును. గుండె, కాలేయము, ఇతర కండరములు దానిని ఇంధనముగ వాడుకొనును. మూడవనాడు పెరిగెడి నొప్పికి మొదటినాడే తొలగిపోయిన పదార్థము కారణమెట్లగును? పైగా ఎక్కునప్పుడే ఈ పదార్థము ఎక్కువగా పుట్టును, నొప్పి మాత్రము దిగినందుకు వచ్చును. ఈ రెండు మాటలే ఆ అభిప్రాయమును త్రోసివేయుటకు చాలును.

అసలు జరుగునది ఇది. చీలికలు ఏర్పడిన చోటికి రక్తమునుండి తెల్లకణములు చేరి శిథిలములను తొలగించును. అచ్చట కొంచెము వాపు కలుగును. వాపుతోబాటు విడుదలయగు రసాయనములు నొప్పి తెలుపు నాడుల కొసలను రేపును. ఈ మరమ్మతు పనివారు రావలెనన్న కొన్ని గంటలు పట్టును. పని జోరందుకొనవలెనన్న రెండు మూడు దినములు పట్టును. నొప్పి ఆలస్యమగుట అందుచేతనే. ఇది దెబ్బ చేసిన చప్పుడు కాదు, మరమ్మతు చప్పుడు.

పదహారు దినముల లెక్క

మౌంట్ బ్లాంక్ పందెమున పాల్గొన్నవారిపైననే ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు గీయోమ్ మిల్లే, ఆయన సహచరులు పరిశోధన చేసి 2011లో ఫలితములు ప్రకటించిరి. వారు పరిశీలించిన పందెపు దారి 166 కిలోమీటర్లు, ఎత్తు 9,500 మీటర్లు. 22 మంది అనుభవజ్ఞులను పందెమునకు ముందును, ముగియగానేయు పరీక్షించిరి. వారిలో 11 మందిని 2, 5, 9, 16 దినముల తరువాత కూడ పరీక్షించిరి.

పందెము ముగియగానే మోకాలిని చాచు కండరముల బలము సగటున 35 శాతము, పిక్కల బలము 39 శాతము తగ్గిపోయెను. క్రియాటిన్ కైనేజ్ అను ఎంజైము సామాన్యముగ కండర కణముల లోపల ఉండును. కణములు చెదరినప్పుడు రక్తములోనికి కారును. లీటరు రక్తమునకు సుమారు 144 ప్రమాణములున్న ఆ ఎంజైము పందెము తరువాత సగటున 13,600 ప్రమాణములు దాటెను, అనగా 90 రెట్లకు మించి. అయినను తొమ్మిది దినములలో బలము చాలభాగము తిరిగి వచ్చెను. పదహారవనాటికి మునుపటి స్థితికి చేరెను.

ఈ లెక్కలో ఆశయు కలదు, హెచ్చరికయు కలదు. రెండు దినములు నిర్విరామముగా బాధపడిన కాళ్ళు రెండు వారములలో తమ బలమును తిరిగి పొందుట ఆశ్చర్యకరము. కాని నొప్పి సాధారణముగ వారములోపలనే పోవును. నొప్పి పోయిన నాటికి బలము పూర్తిగ రాలేదన్నమాట. "నొప్పి లేదు గదా" యని ఐదవనాడే మరల కొండ నెక్కుట తొందరపాటు.

మొదటి దినము: నిద్ర, నీరు, ఉప్పు

పందెము ముగిసినవానికి తొలి వైద్యము నిద్ర. రెండు రాత్రుల నిద్ర బాకీ ఏ మందుతోను తీరదు.

నీటి విషయమున ఒక జాగ్రత్త అవసరము. చెమటతో నీరును పోవును, ఉప్పును పోవును. ఉప్పు లేకుండ వట్టి నీటినే దాహమునకు మించి త్రాగినచో రక్తములోని సోడియము పలుచబడి తలనొప్పి, వాంతులు, మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. దాహము మేరకు త్రాగుటయే మంచిది. షామొనీలో ఇచ్చు ఉప్పుగల కూరగాయల సూపు ఇందులకు తగినది. మన ఇంటిలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చేయు పనియు ఇదియే.

మోకాళ్ళ నొప్పికని ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మ్రింగుట చాలమంది అలవాటు. నీరు తగ్గి, చెదరిన కండరముల పదార్థములను వడపోయుచు అలసియున్న మూత్రపిండములకు ఈ మాత్రలు అదనపు భారము. వైద్యుని సలహా లేక వాడరాదు. మూత్రము కాఫీ కషాయమువలె నల్లబడినను, మూత్రము రాకపోయినను, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినను, ఛాతిలో నొప్పి వచ్చినను విహారమును మాని వెంటనే వైద్యుని చూడవలెను.

సవ్వా వంటకములు

కాలేయములోను, కండరములలోను గ్లైకోజెన్ అను పిండి పదార్థము నిలువయుండునని మనము చదువుకొందుము. దానిని కాలేయమునుండి 1857లో వేరుచేసి చూపినవాడు ఫ్రాన్సువాడే యగు క్లాడ్ బెర్నార్డ్. కండరములలో సుమారు 400 గ్రాములు, కాలేయములో సుమారు 100 గ్రాములు, మొత్తము 2,000 కిలోకెలొరీల నిలువ మాత్రమే మనకున్నది. పర్వత పందెములో అది ఎన్నిమార్లో అడుగంటును. సామాన్యమైన పరుగు తరువాత బాగుగా తిన్నచో ఒక దినములో నిలువ నిండును. కాని చీలిన కండరము చక్కెరను సరిగా లోనికి తీసికొనలేదు. అందుచేత కొండలు దిగినవానికి ఎక్కువ దినములు పట్టును. కావున మరమ్మతునకు మాంసకృత్తులు, నిలువ నింపుటకు పిండి పదార్థములు రెండును కావలెను. 60 కిలోగ్రాముల మనిషికి దినమునకు 400 గ్రాములకు పైగా పిండి పదార్థములు, పూటకు 20 నుండి 30 గ్రాముల మాంసకృత్తులు మంచి కొలత.

షామొనీ యున్న సవ్వా ప్రాంతపు వంటలు ఈ దృష్టితో చూచినచో ఆసక్తికరములు. శీతకాలము పొడుగు, పంట భూమి తక్కువ. కావున కొండ పచ్చికలో మేయు ఆవుల పాలే అచ్చటివారి ప్రధానాహారము. పాలు నిలువయుండవు, వాటిని చీజుగా మార్చినచో నెలల తరబడి నిలువయుండును. చీజు మన జున్ను కాదు. మనది జున్నుపాలను కాచి చేయునది. చీజు మామూలు పాలను విరిచి, నీరు తీసి, మాగబెట్టి చేయునది. ఇందును సూక్ష్మజీవులు తయారుచేయు లాక్టికామ్లమే పాలు విరుగుటకు తోడ్పడును. కండరపు నొప్పి విషయమున నిందపడిన ఆ ఆమ్లమును 1780లో స్వీడను రసాయనశాస్త్రజ్ఞుడు షీలే మొదట కనుగొన్నది పులిసిన పాలలోనే.

రెబ్లోషాన్ అను మెత్తని చీజు ఈ ప్రాంతపుదే. ఆ పేరునకు "మరల పితుకుట" అని మూలార్థము. పూర్వము రైతులు పాల దిగుబడినిబట్టి భూస్వామికి పన్ను కట్టవలసి యుండెను. కొలతకు వచ్చినవాడు వెళ్ళువరకు ఆవును పూర్తిగ పితుకక, తరువాత మరల పితికి ఆ చిక్కని పాలతో ఈ చీజు చేసికొనెడివారని చెప్పుదురు. ఉడికిన బంగాళదుంపలు, ఉల్లి, పంది మాంసపు ముక్కలు, పైన రెబ్లోషాను కరగించి చేయు వంటకము తార్తిఫ్లెత్. ఇది ప్రాచీనమైనదని యాత్రికులు తలచుదురు గాని, ఒక పాత వంటకమును ఆధారము చేసికొని 1980 దశాబ్దమున రెబ్లోషాను వ్యాపారమును పెంచుటకు ప్రచారములోనికి తెచ్చినది. మాంసము లేకుండ కూడ చేయుదురు.

ఈ వంటకమున దుంపలు పిండి పదార్థము నిచ్చును, చీజు మాంసకృత్తుల నిచ్చును, ఉప్పును తగినంత గలదు. లోపమొక్కటే: క్రొవ్వు. 100 గ్రాముల చీజులో మాంసకృత్తులు 20 నుండి 25 గ్రాములుండగా, క్రొవ్వు 25 గ్రాములకు తక్కువ కాదు. క్రొవ్వు జీర్ణాశయమును మెల్లగా వదలును. పరుగెత్తునప్పుడు రక్తము కాళ్ళకు మళ్ళి, ప్రేగులకు చాల తగ్గును. అందుచేత పందెము ముగిసిన కొన్ని గంటలవరకు ప్రేగులు అలసియుండి, ఆకలి పుట్టదు. అప్పుడు తార్తిఫ్లెత్ తిన్నచో కడుపు భారమగును. మొదటినాడు సూపు, రొట్టె, గ్రుడ్డు, పండు కొద్దికొద్దిగా తినుట మేలు. మొక్కజొన్న నూకతో చేయు పోలెంత ఇంకను మేలు. అది మన సంకటికి అన్నదమ్మువంటిది. బక్‌వీట్ పిండితో చేయు చిన్న చదరపు ముక్కలను క్రోజే అందురు. వీటిని ఉడికించి కొంచెము చీజుతో తినవచ్చును. రెండవ, మూడవ దినమున ఆకలి విజృంభించును. తార్తిఫ్లెత్‌కు అదియే సమయము.

కరగిన చీజులో రొట్టెముక్కలు ముంచుకొని తిను ఫాన్‌డ్యూ కూడ ప్రసిద్ధమే. దానిలో ద్రాక్షసారా పోయుదురు. కాచినంతమాత్రమున ఆల్కహాలు పూర్తిగ ఆవిరికాదు. ఆల్కహాలు నిద్రను చెరచును, కండర నిర్మాణమును మందగింపజేయును. కోలుకొనుచున్నవారు, ముఖ్యముగ సారా ముట్టనివారు ఈ సంగతి తెలిసికొనియుండవలెను. భోజనాంతమున కొండలపై పెరుగు నల్లని మిర్తీయ్ పండ్లతో చేసిన తీపి రొట్టె తినుట ఆ ప్రాంతపు ఆచారము. అది అందరికిని తగినదే.

కాళ్ళకు తగిన విహారము

మెల్లని నడక నొప్పిని కొంతసేపు తగ్గించును. మరమ్మతును త్వరపెట్టునన్న మాటకు మాత్రము గట్టి సాక్ష్యము లేదు. కాని పడుకొనియే యుండుటకంటె కాళ్ళలో రక్తము నిలువక తిరుగుట మంచిది. కావున నియమము సులభము: సమతలముపై నడువుము, మెట్లు దిగవలదు, శ్వాస వేగిరపడకముందే ఆగుము.

మొదటి రెండు దినములకు ఊరే చాలును. సోస్యూరునకు శిఖరమును వ్రేలితో చూపుచున్న బాల్మా విగ్రహము ఊరి నడుమ నున్నది. దానిని 1887లో నిలిపిరి. తోడెక్కిన పకార్ వైద్యునికి విగ్రహము దక్కుటకు ఇంకొక నూరేండ్లు పట్టెను. ఊరి మధ్యగా ఆర్వ్ నది పారును. దాని నీరు పాలు కలిపినట్లు బూడిదరంగున నుండును. హిమానీనదములు కదలుచు క్రింది రాళ్ళను పిండివలె నూరును. ఆ రాతిపిండియే ఈ రంగు. నది యొడ్డున, గైయాన్ చెరువు వైపునకు నడక దాదాపు సమతలము. చల్లని నీరు నొప్పిని కొంత తగ్గించును గాని, వడిగా పారు ఈ నదిలో దిగుట మాత్రము కూడదు.

మూడవనాడు మోంతాన్వెర్ రైలు ఎక్కవచ్చును. 1909లో పైవరకు తెరువబడిన ఈ చిన్న రైలు ఐదు కిలోమీటర్లలో సుమారు 870 మీటర్లు ఎక్కి 1,913 మీటర్ల ఎత్తునకు చేర్చును. పట్టాల నడుమ పండ్లుగల మూడవ పట్టా యుండును. ఇంజనుక్రింది పండ్ల చక్రము దానిలో ఇమిడి తిరుగును గనుక బండి జారదు. దిగునప్పుడు బ్రేకు పని అంతయు ఇనుమే చేయును. తొడలు మూడు దినముల క్రిందట చేసిన పనిని ఇనుముచేత చేయించుట పరుగు ముగించినవానికి ఎంతయు న్యాయము!

ఎగ్వీ దు మిది అను శిఖరమునకు పోవు రోప్‌వే విషయము వేరు. 1955లో తెరువబడిన ఆ మార్గము 3,842 మీటర్ల శిఖరము చెంతకు అరగంటలోపలనే చేర్చును. అచ్చట గాలి పీడనము సముద్రమట్టమున ఉన్నదానిలో సుమారు 63 శాతము. అనగా ప్రతి శ్వాసలోను ప్రాణవాయువు మూడవ వంతుకంటె ఎక్కువే తగ్గును. అలవాటుపడుటకు శరీరమునకు వ్యవధియే యుండదు. ఆరోగ్యవంతులకే తల తిరుగుట కలదు. నిద్ర, నీరు తగ్గియున్నవారు దీనిని చివరి దినములకు వాయిదా వేసి, పైన కొద్దిసేపే యుండి దిగుట మంచిది.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

షామొనీకి పోకుండనే ఈ సత్యమును తరగతిలో పరీక్షింపవచ్చును. మోకాలికి కొంచెము తక్కువ ఎత్తుగల, కదలని పీట నొకదానిని తీసికొనుడు. ఎక్కునప్పుడు కుడికాలు ముందు పెట్టి ఎక్కవలెను. దిగునప్పుడును కుడికాలినే ముందుగా నేలకు దించవలెను. అట్లు చేసినచో శరీరమును పైకెత్తు పని అంతయు కుడి తొడదే, క్రిందికి దించు పని అంతయు ఎడమ తొడదే యగును. రెండు కాళ్ళును మోసిన బరువు, తిరిగిన ఎత్తు సమానమే. ఆరోగ్యవంతులైన పెద్ద విద్యార్థులు ఉపాధ్యాయుని ఎదుట మెల్లగా పది నిమిషములు చేసినచో చాలును. మోకాలి బాధలున్నవారు చేయరాదు.

తరువాత ఐదు దినములు ప్రతి ఉదయము రెండు తొడల నొప్పిని వేరువేరుగా సున్న నుండి పది వరకు గుర్తులిచ్చి వ్రాసికొని, రేఖాపటము గీయుడు. సామాన్యముగ ఎడమ తొడ రేఖ రెండవ, మూడవ దినమున శిఖరమందుకొని దిగును. కుడి తొడ రేఖ నేలను అంటుకొనియే యుండును. కుడి పిక్కలో కొంత నొప్పి వచ్చినచో ఆశ్చర్యపడవలదు; దిగునప్పుడు నేలను మొదట తాకి, సాగుచు బరువు నాపినది ఆ పిక్కయే. రెండు మూడు వారముల తరువాత అదే ప్రయోగము మరల చేసినచో నొప్పి చాల తగ్గియుండుట చూడగలరు. ఒకసారి చీలి అతుకుకొన్న కండరము మరుసటిసారికి గట్టిపడును. పందెమునకు పోవువారు ముందుగా కొండలు దిగుటను కొద్దికొద్దిగా సాధన చేయుట ఇందుకొరకే.

కోలుకొనునది, కోలుకొననిది

మోంతాన్వెర్ స్టేషను వద్ద నిలిచి చూచినచో క్రింద లోయలో "మంచు సముద్రము" అను అర్థముగల మెర్ ద గ్లాస్ కనబడును. ఇది ఫ్రాన్సులోకెల్ల పెద్ద హిమానీనదము. పూర్వకాలపు యాత్రికులు స్టేషనునుండి కొద్దిదూరము నడచియే మంచుపై కాలు మోపెడివారు. ఇటీవలి దశాబ్దములలో ఇచ్చట మంచు మందము ఏటా నాలుగైదు మీటర్లు తగ్గుచున్నది. 1988లో అమర్చిన రోప్‌వే దిగిన పిదప మంచును చేరుటకు మొదట కొద్ది మెట్లే చాలినవి. మంచు క్రుంగిన కొలది మెట్లు కట్టుచు పోగా అవి 500 దాటినవి. ఏ ఏట మంచు ఎంతవరకుండెనో తెలుపు పలకలు ఆ మెట్లదారి ప్రక్కన రాతిపై నిలిపియున్నారు. 2024లో పైభాగమున కొత్త రోప్‌వే తెరువవలసివచ్చెను.

పరుగు ముగించినవాడు ఆ లోయ అంచున కూర్చుండి తన తొడలను ఒత్తుకొనుచు ఈ పలకల సంగతి ఆలోచింపవచ్చును. అతని కండరములలోని చీలికలకు నిద్ర, ఆహారము, కొద్దిపాటి ఓర్పు ఇచ్చినచో పదహారు దినములలో మునుపటి బలము వచ్చును. వేల సంవత్సరములుగా కురిసిన మంచు గట్టిపడి ఏర్పడిన నదికి అట్టి మరమ్మతు పనివారు లేరు. వేసవిలో కరగినదానిని శీతకాలపు మంచు పూరింపలేకున్నది. గాలిలో మనము నింపిన బొగ్గుపులుసు వాయువు భూమిని వెచ్చబరచుటయే అందులకు ప్రధాన కారణము. దేహమునకు విశ్రాంతి నిచ్చుట మన చేతిలో నున్న సులభమైన పని. ఆ పర్వతమునకు విశ్రాంతి నిచ్చుటయు మన చేతిలోనే ఉన్నది. అయితే అది అంత సులభమైన పని కాదు.